రూమ్ ఇచ్చేటప్పుడు తీసుకున్న ఆధార్ ఎక్కడికి పోతోంది? తిరుపతి లాడ్జీల యజమానులకు, అధికారులకు బహిరంగ లేఖ

తిరుపతిలోని లాడ్జీలు, హోటళ్లు, ట్రావెల్స్ యజమానులకు, వాటిని తనిఖీ చేసే అధికారులకు,

నమస్కారం.

బస్టాండుకు దగ్గర్లో నాకొక జిరాక్స్, నెట్ సెంటర్ ఉంది. పందొమ్మిదేళ్లుగా ఇదే పని. మీ కౌంటర్ కుర్రాళ్లు పొద్దున్నే రబ్బరు బ్యాండు వేసిన ఆధార్ కార్డుల కట్టతో వచ్చేది నా దగ్గరికే. మీకు గదులు నిండితేనే నాకు గిరాకీ. కాబట్టి ఇది మీ మీద కోపంతో రాస్తున్న లేఖ కాదు.

యాత్రికుల దగ్గర తీసుకునే ఆధార్ కాపీలను సరిగ్గా కాపాడటం లేదన్న సంగతి మీద ఏడాది కాలంలో మూడు చోట్ల అర్జీలు ఇచ్చాను. ఒక చోట రశీదు ఇచ్చారు, అంతే. ఇంకో చోట ఇది మా పరిధిలోకి రాదన్నారు. మూడో చోట అర్జీ తీసుకున్నాయన మొత్తం చదివి, నవ్వి, "ఏమప్పా, జిరాక్స్ తీసేవాడివీ నువ్వే, వద్దనేవాడివీ నువ్వేనా?" అన్నాడు. ఆయన మాట నన్ను పొడిచింది. దానికి జవాబు కింద రాశాను. ముందు నేను చూసింది చెప్తాను.

మొన్న వేసవిలో ఒక లాడ్జిలో పని మానేసిన కుర్రాడు షాపుకొచ్చాడు. "అన్నా, స్టోరేజ్ ఫుల్ అంటా ఉంది. ఫోటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇయ్యన్నా, ఈ ఫోన్ అమ్మేస్తా ఉండా" అన్నాడు. కేబుల్ పెట్టి గ్యాలరీ తెరిచాను. వాళ్లక్క పెళ్లి ఫోటోలు, వాటి మధ్యలో ఆధార్లు. తలకోన జలపాతం కింద ఫ్రెండ్స్‌తో సెల్ఫీ, ఆ తర్వాత మళ్లీ ఆధార్లు. ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. సేలం, హుబ్బళ్లి, నాందేడ్, ఒంగోలు. పసిపిల్లల నీలం రంగు బాల ఆధార్లు కూడా ఉన్నాయి. వేలితో ఎంత తోసినా అయిపోవడం లేదు.

ఇవన్నీ నీ ఫోన్లో ఎందుకున్నాయిరా అంటే, కౌంటర్లో లాడ్జి ఫోన్ లేదు కాబట్టి నీ ఫోన్‌తోనే తీసి గ్రూపులో పెట్టమని ఓనర్ చెప్పాడట. 'రూమ్ ఐడీలు' అని ఒక వాట్సాప్ గ్రూపు. వాడు పని మానేసి అప్పటికి మూడు నెలలు. ఎవరూ వాడిని గ్రూపులోంచి తీసేయలేదు. నేను చూస్తుండగానే టింగ్‌మని ఇంకో రెండు ఆధార్లు వచ్చాయి. ఎవరో అప్పుడే గది తీసుకుంటున్నారన్నమాట. వాళ్లు ఇంకా లిఫ్ట్ ఎక్కకముందే వాళ్ల పేరు, పుట్టిన తేదీ, అడ్రస్, పన్నెండంకెల నంబరు నా టేబుల్ మీదికొచ్చాయి.

కుర్రాడు మంచివాడు. సంగతి చెప్తే వాడికే భయమేసింది. ఆధార్లన్నీ తీసేశాం. ట్రాష్‌లోంచి, గూగుల్ ఫోటోస్ బ్యాకప్‌లోంచి కూడా. రెండు గంటలు పట్టింది. అంత ఓపిక లేని కుర్రాడైతే ఆ ఫోన్ అట్లాగే సెకండ్‌హ్యాండ్ షాపు అద్దాల బీరువాలోకి వెళ్లిపోయేది.

కాగితాల సంగతి వేరేగా చెప్పక్కర్లేదు. ఒక సాయంత్రం గోవిందరాజస్వామి గుడి దగ్గర మసాలా బొరుగులు తిని పొట్లం విప్పి చూస్తే లోపల ఒక పెద్దావిడ ఆధార్ జిరాక్స్. మూలన గది నంబరు పెన్నుతో రాసి ఉంది. ఆమె ముఖం మీద నూనె మరక. ఇంటికి తెచ్చి చించేశాను. ఆ కట్టలో మిగతా కాగితాలు ఏయే పొట్లాలకు పోయాయో మరి.

ఇది మన ఊరిలో ఎందుకింత పెద్ద విషయమంటే, ఆధార్ ఇక్కడ బయటికి తీసినన్నిసార్లు బహుశా ఇంకెక్కడా తీయరు. దర్శనం టికెట్టుకు, సర్వదర్శనం టోకెన్‌కు, కొండమీద గదికి, కింద లాడ్జికి, ట్రావెల్స్ బండికి. దూరం నుంచి వచ్చిన కుటుంబం రాత్రంతా రైల్లో నిద్రలేక, పిల్లలు ఏడుస్తుంటే, కౌంటర్ దగ్గర ఏది అడిగినా ఇచ్చేస్తుంది. ఎందుకు, ఎన్నాళ్లు ఉంచుకుంటారు అని అడిగే ఓపిక ఎవరికుంటుంది? అడిగినా "రూల్ అండీ" అనే ఒక్క మాటే వినిపిస్తుంది.

ఆ రూల్ ఏమిటో నేను చదివాను. లాయర్‌ను కాను, కానీ రోజుకు వంద ఫారాలు నింపేవాడిని, చదవడం అలవాటు.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. రెండేళ్లు దాటినా నియమాలు రాకపోయేసరికి అందరూ మరిచిపోయారు. 2025 నవంబర్‌లో నియమాలు నోటిఫై అయ్యాయి. ఫిర్యాదులు విని జరిమానా వేసే డేటా రక్షణ బోర్డుకు సంబంధించినవి వెంటనే అమల్లోకి వచ్చాయి. వ్యాపారులు పాటించాల్సిన అసలు బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంటే 2027 మే. జనం వివరాలు తీసుకుని వాటిని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే వారిని ఆ చట్టం 'డేటా ఫిడ్యూషియరీ' అంటుంది. పేరు ఏదో బెంగళూరు కంపెనీకి పెట్టినట్టుంది గానీ, మన ఊళ్లో పది గదుల లాడ్జి కూడా అదే. స్టార్టప్‌ల వంటి కొన్ని వర్గాలకు కొన్ని సెక్షన్ల నుంచి కేంద్రం మినహాయింపు ఇవ్వొచ్చని చట్టంలో ఉంది. కానీ చిన్న వ్యాపారమైతే చాలు, దానంతటదే మినహాయింపు అని ఎక్కడా లేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ రాస్తున్నాను. ఈ చట్టం డిజిటల్ డేటాకే. కాగితం మీద తీసుకుని కాగితంగానే ఉంచితే దీని కిందికి రాదు. దాన్ని స్కాన్ చేసినా, కంప్యూటర్లోకి ఎక్కించినా వస్తుంది. అంటే బొరుగుల పొట్లం ఈ చట్టం నుంచి తప్పించుకుంటుంది, 'రూమ్ ఐడీలు' గ్రూపు తప్పించుకోదు.

ఇక దీని వల్ల ఎవరికి ఏమవుతుందో వరసగా రాస్తాను.

1. యజమానికి. డేటాను కాపాడే జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. లీకైన సంగతి బోర్డుకు, నష్టపోయినవాళ్లకు చెప్పకపోతే 200 కోట్ల దాకా. ఇవి గరిష్ఠాలు. తప్పు ఎంత పెద్దది, ఎన్నిసార్లు జరిగింది, సరిదిద్దడానికి ఏం చేశారు అన్నవి చూసి బోర్డు నిర్ణయిస్తుంది. కాబట్టి పది గదుల లాడ్జికి 250 కోట్లు వేస్తారని నేను భయపెట్టడం లేదు. కానీ అందులో వెయ్యో వంతు వేసినా పాతిక లక్షలు. పండగ సీజన్ మొత్తం గదులు నిండినా మిగలదు ఆ డబ్బు.

2. సాఫ్ట్‌వేర్ వాళ్లు చూసుకుంటారులే అనే ధీమా. చాలామంది ఇప్పుడు బుకింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. అక్కడ లీకైతే వాళ్లదే బాధ్యత అనుకుంటున్నారు. చట్టం అట్లా అనడం లేదు. మీ తరఫున ఎవరు డేటా చూసుకున్నా, వాళ్లతో మీకు ఏ అగ్రిమెంటు ఉన్నా, జవాబు చెప్పాల్సింది మీరే. లీకైతే వెంటనే తెలపాలి, పూర్తి వివరాలు 72 గంటల్లో బోర్డుకు ఇవ్వాలి. ఇది కాక సైబర్ సంఘటనలను ఆరు గంటల్లో తెలియజేయాలని సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే కంపెనీలకు ఆదేశాలిచ్చింది. మీ సాఫ్ట్‌వేర్ అమ్మినాయన ఫోన్ ఆదివారం ఎత్తుతాడా అని ఒక్కసారి చూసుకోండి.

3. కౌంటర్ కుర్రాడికి. నెలకు పన్నెండు వేలకో పద్నాలుగు వేలకో పనిచేసేవాడి సొంత ఫోన్లో వేలమంది ఆధార్లు. ఎక్కడో ఏదో జరిగితే స్టేషన్‌కు ముందు పిలిచేది వాడినే. ఓనరే తీయమన్నాడని నిరూపించుకోవడానికి వాడి దగ్గర కాగితమేమీ ఉండదు.

4. యాత్రికుడికి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే.

మా చిన్నాయన పాకాల పక్కన పల్లెలో ఉంటాడు. మూడెకరాల మామిడి తోట. వాడేది బటన్ ఫోన్. ఒకరోజు వేరే రాష్ట్రం పోలీసులమని ఫోన్ వచ్చింది, మీ పేరు మీదున్న నంబరు నుంచి ఎవరినో మోసం చేశారని. ఇట్లాంటి ఫోన్లలో సగం దొంగవే కాబట్టి మొదట నమ్మొద్దన్నాను. తర్వాత అనుమానమొచ్చి, మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూపే సంచార్ సాథీ పోర్టల్‌లో చూస్తే ఆయన పేరు మీద నాలుగు సిమ్‌లున్నాయి. ఆయనకున్నది ఒకటే. రెండు రోజులు మనిషి అన్నం తినలేదు. "నేనేం చేసినానప్పా, తిరుపతికి పోవడం, తోటకు పోవడం తప్ప" అంటాడు. ఆ మూడు నంబర్లూ నావి కావని పోర్టల్‌లో కొట్టి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, స్టేషన్‌లో రాసిచ్చి, ఇదంతా చల్లారేసరికి నెల పట్టింది. తోతాపురి కోతలు జరుగుతున్న నెల అది. కాయ ఫ్యాక్టరీకి తోలాల్సిన మనిషి స్టేషన్‌కు తిరిగాడు.

ఆయన ఆధార్ ఎక్కడ లీకయిందో నాకు తెలియదు. మీ లాడ్జీల్లోనే అని నేను అనడం లేదు. అయితే ఆధార్ జిరాక్స్ ఎక్కడెక్కడ ఇచ్చావని కూర్చోబెట్టి అడిగితే ఆయన వేళ్లు చాల్లేదు. లాడ్జీలు, ఎరువుల షాపు, ఫైనాన్స్, మనవడి స్కూలు, ఆసుపత్రి, సిమ్ షాపు, గ్యాస్, పెళ్లి మండపం. పెళ్లి మండపానికి ఆధార్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఇందులో ఒక్క చోట కూడా తిరిగి ఇచ్చెయ్యమనో, చించెయ్యమనో అడగొచ్చని ఆయనకు తెలియదు. డిజిటల్‌గా ఉంచుకున్నదైతే, పని అయిపోయాక, చట్టమో నియమాలో ఉంచమంటే తప్ప, చెరిపేయాలని కొత్త చట్టం చెప్తోంది.

ఇంకో సంగతి తెలిస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. బోర్డు వేసే జరిమానా నష్టపోయినవాడికి పోదు, కేంద్ర ఖజానాకు పోతుంది. పాత ఐటీ చట్టంలో కంపెనీ నిర్లక్ష్యానికి పరిహారం అడిగే 43ఏ సెక్షన్ ఒకటుంది. కొత్త చట్టం దాన్ని తీసేస్తోంది. అంటే లీకయ్యాక మా చిన్నాయన లాంటివాడికి ఈ చట్టం నుంచి రూపాయి రాదు. ఆయనకు దక్కే రక్షణ అంతా లీకు కాకముందే, మీ కౌంటర్ దగ్గరే ఉంది.

5. పిల్లలకు. పద్దెనిమిదేళ్ల లోపువాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి, అది నిజంగా తల్లిదండ్రులేనా అన్నది కూడా చూసుకోవాలి. ఇందులో తప్పితే జరిమానా 200 కోట్ల దాకా. తల్లిదండ్రులతో గదిలో దిగే నాలుగేళ్ల పిల్ల ఆధార్ మీకు దేనికి?

ఇంత రిస్కు నెత్తిన పెట్టుకుని మీరు దాచే ఆ జిరాక్స్ వల్ల మీకొచ్చే లాభమేమిటో కూడా చూద్దాం. జిరాక్స్ తీసేవాడిగా చెప్తున్నాను, జిరాక్స్ మీద పేరు, ఫోటో మార్చడం పది నిమిషాల పని. నన్ను అడిగినవాళ్లూ ఉన్నారు, వెనక్కి పంపించాను. అసలు కార్డా నకిలీదా అన్నది దాని మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ యాప్‌తో స్కాన్ చేస్తే తెలుస్తుంది. జిరాక్స్ కట్ట పరుపు కింద పెడితే తెలియదు.

మరి ఇంత తెలిసీ లాడ్జీ వాళ్లు ఎందుకు తీసుకుంటున్నారు? నాకు తెలిసిన నలుగురైదుగురు యజమానులను అడిగాను. అందరిదీ ఒకే మాట. "తనిఖీకి వచ్చినప్పుడు జిరాక్స్ ఏదీ అంటే ఏం చూపించాలప్పా?" రిజిస్టరు రాయాలి, అది సరే. విదేశీయులొస్తే 24 గంటల్లో వాళ్ల వివరాలు పంపాలి, అది ఎప్పటినుంచో ఉన్నదే. కానీ మామూలు యాత్రికుడి ఆధార్ కాపీ ఉంచాలా, చూసి ఇచ్చేస్తే చాలా, ఉంచితే ఎన్నాళ్లు? ఎవరి దగ్గరా రాతపూర్వకంగా ఏమీ లేదు. పారేయడానికి భయం, ఉంచడానికి చోటు లేదు. ఆఖరికి గోతాం నిండాక ఎవడో ఒకడు పాత పేపర్ల బండికి వేసేస్తాడు.

పైనుంచి వచ్చే మాట కూడా అట్లాగే ఉంది. 2022 మే 27న ఉడాయ్ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది, ఆధార్ జిరాక్స్‌లు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దని, లైసెన్సు లేని హోటళ్లకు, సినిమా హాళ్లకు వాటిని తీసుకునే అనుమతి లేదని. ఆ రెండ్రోజులు నా షాపులో, చివరి నాలుగంకెలు తప్ప నంబరంతా దాచిన మాస్క్‌డ్ ఆధార్ ప్రింట్లకు లైను కట్టారు. 29న, జనం తప్పుగా అర్థం చేసుకునే అవకాశముందంటూ ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. మర్నాటి నుంచి మళ్లీ మామూలే.

కాబట్టి నా విన్నపాలు రెండు పక్కలకూ.

యజమానులకు:

1. కౌంటర్ కుర్రాళ్ల సొంత ఫోన్లతో ఐడీలు తీయించడం ఈ వారమే ఆపండి. వాట్సాప్ గ్రూపులు మూసేయండి. మూసేముందు అందులో ఎవరెవరున్నారో చూడండి. పని మానేసినవాళ్లు తప్పకుండా ఉంటారు.

2. కార్డు చూసి, క్యూఆర్ స్కాన్ చేసి, రిజిస్టర్లో రాసుకుని కార్డు ఇచ్చేయండి. కాపీ తీసుకోక తప్పదంటే మాస్క్‌డ్ ఆధార్ అడగండి, చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చినా ఒప్పుకోండి.

3. ఏం తీసుకుంటున్నారు, ఎందుకు, ఎప్పుడు చెరిపేస్తారు, ఎవరిని అడగాలి అనేది కౌంటర్ మీద రాసి పెట్టండి. నోటీసు ఇంగ్లీషులోనో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదో ఒకదానిలోనో చదువుకునే వీలు యాత్రికుడికి ఉండాలని చట్టమే అంటోంది. మనకు తెలుగు, తమిళం, కన్నడం, హిందీ ఉంటే చాలామందికి సరిపోతుంది.

4. గది కోసం ఇచ్చిన నంబరుకు తర్వాత ప్యాకేజీ టూర్ల మెసేజీలు పంపకండి. ట్రావెల్స్ వాళ్లకు ఇది ముఖ్యంగా. ఒక పనికిచ్చింది ఆ పనికే. వద్దంటే, సమ్మతి ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి.

5. పాత కాగితాలు పాత పేపర్ల బండికి వేయకండి. చింపే మిషన్ కొనండి. నలుగురైదుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు.

అధికారులకు:

1. లాడ్జి ఏ ఐడీ చూడాలి, రిజిస్టర్లో ఏమేం రాయాలి, కాపీ ఉండాలా వద్దా, ఉంటే ఎన్ని రోజులు? దీన్ని తెలుగులో ఒక్క పేజీ ఉత్తర్వుగా ఇవ్వండి. నోటిమాటగా కాదు, సంతకంతో. మిగతావన్నీ దీని తర్వాతే.

2. తనిఖీలో రిజిస్టరు అడగండి, జిరాక్స్ కట్ట అడగకండి. వివరాలు కావాలంటే రాతపూర్వకంగా అడగండి. నా నంబరుకు వాట్సాప్ చేసెయ్ అన్న మాట వద్దు. ఆ ఫోన్ కూడా ఎప్పుడో ఒకప్పుడు రిపేరుకు వెళ్తుంది.

3. వచ్చే బ్రహ్మోత్సవాలకు ముందే లాడ్జి, ట్రావెల్స్ వాళ్లను పిలిచి ఒక పూట కూర్చోబెట్టి చెప్పండి. ఓనర్లతో పాటు కౌంటర్ కుర్రాళ్లను కూడా పిలవండి, పని చేసేది వాళ్లే.

4. ఈ చట్టం ప్రకారం ఫిర్యాదు ఉంటే యాత్రికుడు ముందు లాడ్జినే అడగాలి, దానికి లాడ్జి 90 రోజుల్లోపు జవాబివ్వాలి, ఆ తర్వాతే బోర్డు. బోర్డు ఆఫీసు అంతా ఆన్‌లైన్‌లోనే. మా చిన్నాయన అక్కడిదాకా ఎట్లా పోతాడు? బస్టాండులోనో రైల్వే స్టేషన్‌లోనో సాయం చేసే ఒక టేబుల్ వేయించండి.

ఇక ఆ మూడో ఆఫీసులో ఆయన అడిగినదానికి. అవును, జిరాక్స్ తీసేవాడిని నేనే. అర్జీ ఇచ్చి వచ్చిన రాత్రి షాపు కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాను. 2014 నుంచి కస్టమర్లు మెయిల్లో, వాట్సాప్‌లో పంపిన ఆధార్లు, పాన్‌లు, మార్కుల జాబితాలు, పట్టాదారు పాస్‌బుక్కులు, ఒకాయన విడాకుల కాగితాలు కూడా. నేను ఒక్కటి కూడా కావాలని దాచలేదు, ఒక్కటి కూడా చెరపలేదు. వాట్సాప్ వెబ్‌లో ఎవరో లాగౌట్ కాకుండా వెళ్లిపోయారు, వాళ్ల చాట్ అట్లాగే తెరిచి ఉంది. రెండు రాత్రులు కూర్చుని మొత్తం తీసేశాను. ఇప్పుడు ప్రింటు తీయగానే కస్టమర్ ముందే ఫైలు డిలీట్ చేస్తాం. చెడిపోయిన జిరాక్స్ కాపీలు మిషన్‌లో వేసి చింపుతాం. మా పిల్లాడు ఒకసారి మరిచిపోతే కస్టమరే గుర్తు చేసింది.

కౌంటర్ మీద పెట్టే నోటీసు నాలుగు భాషల్లో తయారుచేసి పెట్టాను. తెలిసిన ఒక లాయర్ చూసి రెండు మాటలు దిద్దారు. ఏ లాడ్జి వాళ్లొచ్చినా ప్రింటు తీసి లామినేషన్ చేసి ఇస్తాను, డబ్బులొద్దు. పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా షాపు తెరిచే ఉంటుంది. వచ్చేటప్పుడు ఆ రబ్బరు బ్యాండు కట్ట మాత్రం తేకండి.

ఇట్లు,
ఒక జిరాక్స్, నెట్ సెంటర్ యజమాని
తిరుపతి